గిలటిన్ గన్ తరహా ఆయుధం: బ్లేడు మూతి వైపా, మడమ వైపా?

గోదారి_గేమర్

అందరికీ నమస్కారం. అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అనే వీడియో గేమ్‌కు వచ్చిన డెడ్ కింగ్స్ డీఎల్‌సీలో (తర్వాత కలిపిన అదనపు కథలో) గిలటిన్ గన్ ఉంది కదా, సగం గొడ్డలి, సగం గ్రెనేడ్ విసిరే పొట్టి తుపాకీ. దాన్ని ఆధారంగా పెట్టుకుని హైదరాబాద్ కామిక్ కాన్ కోసం ఫోమ్‌తో ఒక ప్రాప్ (వేషంలో పట్టుకునే ఉత్తుత్తి ఆయుధం) చేయాలనుకుంటున్నాను. ఆటలో ఉన్నదానికి అచ్చు నకలు వద్దు. ఆలోచన మాత్రం తీసుకుని సొంత డిజైన్ చేస్తాను. చూసినవాళ్ళకు "1794లో ఫ్రాన్సు కమ్మరి ఎవరైనా దీన్ని చేసి ఉంటే ఇలాగే చేసేవాడు" అనిపించాలి.

బ్లేడు ఎటువైపు పెట్టాలి? మూతి దగ్గరా, మడమ (భుజానికి ఆనించే వెనక చివర) దగ్గరా? పొడవు, గొట్టం లావు ఎంత ఉండాలి? నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. రోజంతా మోయాలి కాబట్టి బరువు కిలోన్నర దాటకూడదు.

యానిమస్_బయట

ముందు ఆటలో దాని పని ఏమిటో చూద్దాం. రూపం దాన్నుంచే వస్తుంది.

యూనిటీ 2014 నవంబరులో బోలెడన్ని బగ్గులతో విడుదలైంది. అందుకు క్షమాపణగా యూబీసాఫ్ట్ డెడ్ కింగ్స్‌ను 2015 జనవరి 13న అందరికీ ఉచితంగా ఇచ్చింది. 2019 ఏప్రిల్‌లో నోట్రడామ్ కాలిపోయినప్పుడు పీసీలో అసలు ఆటనే కొన్నాళ్ళు ఉచితంగా ఇచ్చారు. మనవాళ్ళు చాలామంది అప్పుడే తీసుకుని ఉంటారు. ఇంకా ఆడనివాళ్ళు ముందు ప్రధాన కథ పూర్తి చేయండి. డెడ్ కింగ్స్ మొదటి నిమిషమే దాని ముగింపు చెప్పేస్తుంది.

కథ నడిచేది సెయింట్ డెనిస్‌లో. విప్లవం రోజుల్లో ఆ ఊరికి ఫ్రాన్సియాడ్ అని పేరు మార్చారు. ఊరి కింద సమాధులు, సొరంగాలు, వాటిలో నాయకుడి వెంట గుంపులుగా తిరిగే దోపిడీగాళ్ళు. నాయకుడు పడిపోతే మిగతావాళ్ళు చెల్లాచెదురవుతారు. కథానాయకుడు ఆర్నో చేతిలో లాంతరు. నూనె అయిపోతే పురుగులు దారి ఇవ్వవు. ఇరుకు దారి, చీకటి, గుమిగూడిన శత్రువులు. గుంపు మధ్యలో ఒక్క పేలుడు, ఆ వెంటనే చేతికి అందినవాడి మీద బరువైన వేటు. గిలటిన్ గన్ ఇలాంటి చోటు కోసం పుట్టిన ఆయుధం.

అందుకే దాన్ని వాడే పద్ధతి కూడా వరసగా ఉంటుంది. మొదట దూరం నుంచి గుంపు నాయకుడు నిలబడ్డ చోటుకు గురిపెట్టాలి. పేలాక మిగిలినవాళ్ళ మీదకు గొడ్డలితో వెళ్ళాలి. తిరగేసి ఆడితే దెబ్బ తింటారు. కొట్లాట మొదలయ్యాక గురిపెట్టడానికి నిలబడితే పక్కనుంచి కొడతారు. మూలలో ఇరుక్కుని పేలిస్తే ఆ పేలుడు మీదాకా వస్తుంది. పైగా చప్పుడు. ఒక్కసారి పేలిందంటే చుట్టుపక్కల కాపలా అంతా లేస్తుంది.

అదే ఆటలోని ఫాంటమ్ బ్లేడు చూడండి. అది కూడా జంట ఆయుధమే, మణికట్టు కత్తికి చిన్న విల్లు కలిపారు. కానీ దాని రెండు సగాలూ చేసేది ఒకే పని, సడి లేకుండా ఒకణ్ణి పడగొట్టడం. గిలటిన్ గన్‌లో రెండు సగాలకూ రెండు వేరు పనులు. మీ డిజైన్‌కు ఇబ్బంది అక్కడే వస్తుంది.

మందుగుండు_చరిత్ర

గోదారి గారూ, ఇలాంటి జంట ఆయుధాలు చరిత్రలో బాగానే ఉన్నాయి. గొడ్డలికి పిస్తోలు కలిపినవి ఐరోపాలో 16వ శతాబ్దం నుంచీ చేశారు. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ కాలానికి చెందిన, మధ్యలో తుపాకీ గొట్టం ఉన్న డాళ్ళు ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. అమెరికా నౌకాదళం 1838లో బయల్దేరిన విల్క్స్ సముద్ర అన్వేషణ యాత్రకు ఎల్జిన్ కట్లాస్ పిస్తోళ్ళు ఇచ్చింది. పిస్తోలు గొట్టం కింద పదకొండున్నర అంగుళాల కత్తి ఉంటుంది. మన దేశంలో కటారుకు రెండు పక్కలా రెండు పిస్తోలు గొట్టాలు బిగించినవి చేశారు. పిడికిట్లో అడ్డకమ్మీలు పట్టుకుని పొడిచే అదే కటారు, దానికే మీటలు.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. తుపాకీ ఒక్కసారే పేలుతుంది, మళ్ళీ నింపే వ్యవధి దొరకదు, అక్కడి నుంచి కత్తో గొడ్డలో పనిచేయాలి. అందుకే చేసినవాళ్ళు కత్తి, గొడ్డలి లాంటి ఆయుధాన్నే అసలుగా తీసుకుని, తుపాకీని దానికి తగిలించారు. కటారు ముందు కటారే, పిస్తోలు తర్వాత.

రెండో ముక్క గ్రెనేడ్ విసిరే తుపాకీ. ఇది కల్పన కాదు. చేతి మోర్టారు అని 16వ శతాబ్దం చివర నుంచి 18వ శతాబ్దం చివరి దాకా ఉండేది. మామూలు తుపాకీకి ఉండే చెక్క కుందా (గొట్టాన్ని మోసే చెక్క భాగం), దానిమీద ముంతలాంటి పొట్టి వెడల్పు గొట్టం. మూతి వెడల్పు సుమారు 5 నుంచి 10 సెంటీమీటర్లు. ఆ వెడల్పు గొట్టం వెనక మందు కోసం సన్నటి గది ఒకటి. మీ ప్రాప్‌లో ఆ గది బయటికి కనిపించాలి. గొట్టం ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే లావు ఉంటే నీళ్ళ పైపులాగే ఉంటుంది. వెనక్కి వచ్చేసరికి ఒక మెట్టు దిగి సన్నబడితే తెలిసినవాళ్ళు వెంటనే గుర్తుపడతారు.

అవి సైన్యాల్లో విరివిగా వాడకంలోకి రాకపోవడానికి కారణం ప్రమాదం. గ్రెనేడ్‌కు ఉండేది కాలే వత్తి. వత్తి అంటుకుని, గ్రెనేడ్ గొట్టంలోంచి బయటికి రాకపోతే పట్టుకున్నవాడి చేతిలోనే పేలుతుంది.

లెక్కల_మాస్టారు

ఈ ఆయుధం నిజంగా ఉంటే బరువు ఎంతో లెక్కేస్తే కొలతలు వాటంతటవే తేలతాయి.

గుండు (గ్రెనేడ్): బయటి వ్యాసం 65 మి.మీ., గోడ మందం 10 మి.మీ. ఉన్న బోలు ఇనుప గుండు అనుకుందాం. ఇనుము సుమారు 690 గ్రాములు, లోపలి మందుతో కలిపి 730 గ్రాములు. సెకనుకు 25 మీటర్ల వేగంతో వదిలితే ద్రవ్యవేగం 18 కిలోగ్రామ్-మీటర్/సెకను. పోలికకు 1777 నమూనా ఫ్రెంచి మస్కెట్ (సైనికుల పొడవాటి తుపాకీ): సుమారు 26 గ్రాముల సీసపు గుండు, సెకనుకు 400 మీటర్ల వేగం అనుకుంటే 10.4. మందు వాయువుల వాటా రెండింటిలోనూ వదిలేశాను.

గొట్టం: కంచు, లోపలి వ్యాసం 67, గోడ 8, పొడవు 200 మి.మీ. అంటే 3.3 కిలోలు, వెనక మందు గదితో 4.3. బ్లేడు: 30 × 20 సెం.మీ. దీర్ఘచతురస్రంలో ఏటవాలు కోత తీసేస్తే మిగిలే ఉక్కు, సగటు మందం 4 మి.మీ., సుమారు 1.4 కిలోలు. చెక్క కుందా 1.5, చెకుముకి యంత్రం (రాతి నిప్పురవ్వతో మందు అంటించే భాగం) 0.4. మొత్తం 7.6 కిలోలు.

తుపాకీగా ఇది పర్వాలేదు. వెనక్కి తన్నే వేగం సెకనుకు 2.4 మీటర్లు, శక్తి 22 జౌళ్ళు. నాలుగున్నర కిలోల మస్కెట్‌కు అదే 12 జౌళ్ళు. రెట్టింపు తన్ను, గట్టివాడు తట్టుకుంటాడు. బరువు తగ్గిస్తే తన్ను పెరుగుతుంది.

గొడ్డలిగా మాత్రం ఇది మోయలేని బరువు. చరిత్రలో రెండు చేతులతో వాడిన యుద్ధపు గొడ్డళ్ళు రెండు, మూడు కిలోలు. 7.6 కిలోలది ఒకసారి ఊపితే ఆపడమే కష్టం, రెండో వేటుకు మళ్ళీ ఎత్తేలోపు ఎదుటివాడు లోపలికి వచ్చేస్తాడు. తుపాకీకి బరువు కావాలి, గొడ్డలికి బరువు వద్దు. యానిమస్ గారు చెప్పిన రెండు పనుల గొడవ అంకెల్లో ఇదీ.

గోదారి_గేమర్

అద్భుతం మాస్టారూ. బ్లేడు అసలు గిలటిన్ సైజులో పెట్టొచ్చా? కంటికి బాగుంటుందని అడుగుతున్నాను.

మందుగుండు_చరిత్ర

వద్దండి. 1872 నమూనా ఫ్రెంచి గిలటిన్‌లో బ్లేడు ఒక్కటే సుమారు 7 కిలోలు, దానిపైన బిగించే బరువు దిమ్మె ఇంకో 30. బ్లేడు ఒక్కటే మస్కెట్‌ కన్నా బరువు. ఆ పరికరం కోసేది కిందికి పడే బరువుతో, చేతి ఊపుతో కాదు. 1792 ఏప్రిల్ 25న మొదటిసారి వాడినప్పటి నుంచీ సూత్రం అదే. వైద్యుడు ఆంత్వాన్ లూయీ రూపకల్పన, హార్ప్సికార్డులు చేసే టోబియాస్ ష్మిట్ తయారీ. మీరు అక్కడి నుంచి తీసుకోవాల్సింది సైజు కాదు, ఏటవాలు. వాదర అడ్డంగా తిన్నగా ఉండకుండా ఒక చివర కిందికి, ఒక చివర పైకి వాలి ఉండాలి. 30 సెం.మీ. పొడవు బ్లేడైనా ఆ వాలు కనిపిస్తే ఎవరైనా గిలటిన్ అనే అంటారు. 30 సెం.మీ.కు 10 నుంచి 12 సెం.మీ. వాలు ఇవ్వండి.

ఉక్కుకామ

బ్లేడు మడమ వైపు పెట్టాలన్నది నా అభిప్రాయం. మాస్టారి బరువులే తీసుకోండి. ఆయుధం పొడవు 110 సెం.మీ. అనుకుంటే, గొట్టం, బ్లేడు రెండూ ముందే ఉన్నప్పుడు బరువు కేంద్రం మడమ నుంచి 84 సెం.మీ. దగ్గర పడుతుంది. మూతి కిందికి లాగేస్తుంది, గురి నిలవదు. బ్లేడు మడమ వైపుకు తెస్తే కేంద్రం 71 దగ్గరికి వస్తుంది, ఎడమ చెయ్యి పట్టే చోటుకు దగ్గరగా. రోజంతా మోసే ప్రాప్‌కు కూడా ఇదే సుఖం.

మందుగుండు_చరిత్ర

మోయడానికి సుఖమే. పేల్చినప్పుడు ఏమవుతుందో చూడండి. తన్ను వెనక్కి వస్తుంది. మడమ చివర బ్లేడు ఉంటే అది భుజానికో, చంకలోకో, కడుపు పక్కకో దూసుకొస్తుంది. ఇక గొడ్డలిగా వాడాలంటే ఆయుధాన్ని తిరగేసి గొట్టాన్ని కామగా పట్టుకోవాలి. అప్పుడే పేలిన కంచు గొట్టం వేడిగా ఉంటుంది, పైగా 83 మి.మీ. లావు. అంత లావుది పిడికిట్లో ఇమడదు. గొడ్డలి కామ 35 నుంచి 40 మి.మీ. మించితే పట్టు చిక్కదు.

మూతి వైపు పెట్టడంలోనూ చిక్కులున్నాయి, అవి దాచను. వేటు వేసిన ప్రతిసారీ అదురు చెకుముకి యంత్రానికి చేరుతుంది. నిప్పు అందుకునే అంటుమందు పోసే మూకుడు మూత తెరుచుకుని అది ఒలికిపోతుంది. గొట్టంలో గుండు ఉండగా కొడితే అది వదులై ముందుకు జారుతుంది. కాబట్టి నింపి ఉన్నప్పుడు గొడ్డలిగా వాడకూడదు, పేల్చాకే వాడాలి. చరిత్రలోని జంట ఆయుధాలన్నిటి వరసా ఇదే, ఆటలో వరసా ఇదే.

ఉక్కుకామ

వేడి గొట్టం, లావు సంగతి ఒప్పుకుంటాను. అయితే బ్లేడును గొట్టం మీద నేరుగా బిగించొద్దు. వేటు దెబ్బ గొట్టం తింటే కంచు సొట్టపోతుంది. అంత పల్చటి గోడ సొట్టపోతే తర్వాతి గుండు లోపలే ఇరుక్కుంటుంది. గొట్టం కింద కుందాను ముందుకు పొడిగించి, ఆ చెక్కకు ఇనుప పట్టీలతో బ్లేడు బిగించాలి. దెబ్బ బ్లేడు నుంచి చెక్కకు, చెక్క నుంచి చేతులకు పోతుంది. గొట్టం పైన స్వతంత్రంగా కూర్చుంటుంది. బ్లేడు మూతిని దాటి ఒక 5 సెం.మీ. ముందుకు ఉండాలి, లేకపోతే ముందు గొట్టమే శత్రువుకు తగులుతుంది.

లెక్కల_మాస్టారు

దీనికి ఒక మార్పు. గొట్టం పొడవు 200 నుంచి 120 మి.మీ.కు తగ్గించండి. 1.3 కిలోలు తగ్గి మొత్తం 6.3కి దిగుతుంది, ముందు బరువూ తగ్గుతుంది. చేతి మోర్టార్లు పొట్టిగానే ఉండేవి కాబట్టి చరిత్రకూ దగ్గరే.

ఇంకో సంగతి, సొరంగం గురించి. మూడు మీటర్ల కప్పు, గుండు 1.4 మీటర్ల ఎత్తు నుంచి బయల్దేరుతుంది. కప్పు తగలకుండా ఎత్తగలిగేది 13 డిగ్రీలే. గుండు 1.35 సెకన్లలో 33 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. ఆరుబయట 45 డిగ్రీలు ఎత్తితే 65 మీటర్లు, 3.7 సెకన్లు. అదే ఆయుధం, రెండు చోట్ల రెండు వేరు సమయాలు. వత్తిని 4 సెకన్లకు కోసి పెడితే సొరంగంలో గుండు నేలను తాకాక ఇంకా రెండున్నర సెకన్లు దొర్లుతుంది. గుంపు అంతా పారిపోవడానికి చాలు. 1.5 సెకన్లకు కోస్తే ఆరుబయట గాలిలోనే పేలుతుంది. ఆటలో పడ్డ వెంటనే పేలుతుంది చూశారూ, ఈ ఆయుధంలో నిజమైన కల్పన అదొక్కటే. దెబ్బ తగిలితే అంటుకునే మందుతో తుపాకీ పేల్చే పద్ధతికి ఫోర్సిత్ పేటెంటు తీసుకున్నదే 1807లో.

యానిమస్_బయట

ఈ లెక్క ఆట రూపకల్పనకు కూడా పనికొస్తుంది. వత్తి ఆలస్యం పెట్టి ఉంటే సొరంగాల్లో ఆ ఆయుధం ఎవరూ వాడరు, పొగబాంబు వేసి కత్తితో పోతారు. అందుకే చరిత్రను అక్కడ వదిలేశారు. సరైన చోటే వదిలేశారని నేనంటాను.

చరిత్రను వదిలిన చోట్లు ఇంకా ఉన్నాయి. కథలో ఆర్నోను పంపే రచయిత మార్క్వి ద సాద్ 1794 ఆగస్టులో నిజానికి నిర్బంధంలో ఉన్నాడు, అక్టోబరులో బయటికొచ్చాడు. అలాగే కథలోని సూజెర్ గద్ద కల్పన కాదు. గద్ద ఆకారంలో బంగారు పూత వెండి తొడిగిన ఎర్రరాతి పాత్ర, లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

అట్టకత్తి

బ్లేడు మూతి వైపు, గొట్టం కింద చెక్కకు. అది తేలిపోయింది కాబట్టి ఫోమ్ పని చెబుతాను. కొలతలు 5'8" మనిషికి.

మొత్తం పొడవు 110 సెం.మీ. నిలబెడితే మీ నడుము ఎముక కన్నా కొంచెం పైకి వస్తుంది. వెన్నెముకగా కరెంటు వైరింగ్‌కు వాడే 25 మి.మీ. పీవీసీ పైపు, 105 సెం.మీ. ముక్క. దాన్ని 60 దగ్గర కోసి మధ్యలో కప్లర్ (రెండు పైపులు కలిపే ముక్క) పెట్టండి, ఒక వైపే అంటించి రెండో వైపు జారేలా ఉంచండి. బస్సులోనో మెట్రోలోనో రెండు ముక్కలుగా పోతుంది.

కావాల్సినవి: 10 మి.మీ. ఈవీఏ ఫోమ్ చదరపు మీటరు, 5 మి.మీ.ది అర మీటరు, పట్టీలకు 2 మి.మీ.ది ఏ3 సైజు రెండు ముక్కలు. 3 మి.మీ. సన్‌బోర్డు (తేలికపాటి గట్టి బోర్డు) ఏ3 ఒకటి. ఫెవికాల్ ఎస్ఆర్ 998 (రబ్బరు జిగురు) అర లీటరు. హీట్ గన్, 120, 240 గరుకు కాగితాలు, వెడల్పు బ్లేడు కట్టర్‌కు కనీసం పది కొత్త బ్లేడ్లు. మొద్దు బ్లేడుతో కోస్తే ఫోమ్ అంచు పళ్ళు పళ్ళుగా చిరుగుతుంది, ఎంత రుద్దినా అది పోదు. ప్రతి నాలుగైదు కోతలకు కొన విరిచేయండి.

గొట్టం: బయటి వ్యాసం 90 మి.మీ. కావాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. 90 × 3.14 = 283 అని కోస్తారు, చుట్టాక గొట్టం 100 వస్తుంది. 10 మి.మీ. మందం ఉన్న ఫోమ్‌ను చుట్టినప్పుడు బయటి పొర సాగుతుంది, లోపలి పొర నలుగుతుంది, మధ్య పొర మాత్రమే పొడవు మారదు. కాబట్టి మధ్య వ్యాసం 80 తీసుకోండి: 251 మి.మీ. వెడల్పు 120. హీట్ గన్‌తో రెండు వైపులా వేడిచేసి, సుమారు 70 మి.మీ. లావు పైపు ముక్క చుట్టూ తువ్వాలుతో కట్టి చల్లారనివ్వండి. చల్లారాక అతుకు వేస్తే విడిపోదు. చల్లటి ఫోమ్‌ను బలవంతంగా వంచి అంటిస్తే రెండు రోజుల్లో అతుకు నోరు తెరుస్తుంది. ఆ అతుకును చెక్క వైపుకు, కిందికి తిప్పి పెట్టండి.

వెనక మందు గది: అదే పద్ధతిలో బయటి వ్యాసం 60, పొడవు 80. మధ్య వ్యాసం 50, అంటే 157 మి.మీ. కోత. రెండూ కలిసే చోట 5 మి.మీ. ఫోమ్ పట్టీ ఒక వలయం.

బ్లేడు: సన్‌బోర్డు మధ్యలో, రెండు వైపులా 10 మి.మీ. ఫోమ్. సన్‌బోర్డును వాదర నుంచి 30 మి.మీ. లోపలే ఆపండి. వాదర అంతా మెత్తటి ఫోమే ఉండాలి, ఎవరికైనా తగిలినా ఏమీ కాదు. ఆ 30 మి.మీ.లోనే ఏటవాలుగా చెక్కండి. అంచును సూదిగా చేయకండి, 3 మి.మీ. గుండ్రటి అంచు వదలండి. సూది అంచు రెండు గంటల్లో నలిగి అలలు తేలుతుంది, కార్యక్రమం తనిఖీలోనూ అడ్డుపెడతారు.

బ్లేడు బరువు ఫోమ్ 120, బోర్డు 90 గ్రాములు, మొత్తం 210 లోపు. ఆయుధం అంతా కిలో, కిలో పావు మధ్య వస్తుంది.

గోదారి_గేమర్

అన్నా, బ్లేడు పైపు మీద తిరిగిపోకుండా ఎలా? గుండ్రటి పైపు కదా.

అట్టకత్తి

మంచి ప్రశ్న. గొడ్డలి ప్రాపులు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. గుండ్రటి పైపును ఫోమ్ ఎంత గట్టిగా అంటుకున్నా, బ్లేడు 20 సెం.మీ. పక్కకు పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి మెలితిప్పే బలం జిగురు మీదే పడుతుంది. ఫోటోల కోసం నాలుగుసార్లు ఊపితే చాలు, జిగురు పొర ఊడిపోతుంది.

పైపుకు అడ్డంగా 8 మి.మీ. రంధ్రాలు రెండు, మధ్య దూరం 15 సెం.మీ. వాటిలో 8 మి.మీ. చెక్క పుల్లలు దూర్చి రెండు వైపులా 4 సెం.మీ. చొప్పున వదలండి. ఆ పుల్లలు సన్‌బోర్డుకు చేసిన గాడుల్లో కూర్చోవాలి. ఇప్పుడు మెలి జిగురు మీద కాదు, పుల్లల మీద పడుతుంది. ఇనుప బోల్టు వద్దు, తనిఖీ దగ్గర లోహం అంటే ఆపేస్తారు.

జిగురు సంగతి: రెండు ముఖాలకూ పల్చగా రాసి పది నిమిషాలు వదలండి. వేలితో తాకితే అంటాలి, తీగలు రాకూడదు. అప్పుడు కలిపి గట్టిగా నొక్కండి. ఒకసారి కలిపాక జరపడం కుదరదు, అందుకే ముందే పెన్నుతో గుర్తులు. వానాకాలంలో పదిహేను, ఇరవై నిమిషాలు పట్టొచ్చు. ద్రావకం ఆవిరవుతూ ముఖాన్ని చల్లబరిస్తే గాలిలో తేమ దాని మీద పేరుకుని అతుకు బలహీనపడుతుంది. తలుపులు తెరిచి, ఫ్యాను పెట్టి పనిచేయండి. పొయ్యి, అగరబత్తి దగ్గర్లో ఉండకూడదు, ఆ ఆవిరి అంటుకుంటుంది.

రంగులపెట్టె

రంగు నా వంతు. ముందు ఫోమ్ అంతా హీట్ గన్‌తో సమానంగా తిప్పుతూ వేడిచేయండి. ఉపరితలం కాస్త మెరుపు తేలిన క్షణం ఆపేయాలి, రంధ్రాలు మూసుకుంటాయి. అలా చేయకపోతే మొదటి మూడు పూతలను ఫోమే తాగేస్తుంది.

తర్వాత పూత. గొట్టం, కుందా వంగవు కాబట్టి వాటికి తెల్ల ఫెవికాల్‌లో సమానంగా నీళ్ళు కలిపి నాలుగు పూతలు సరిపోతాయి. బ్లేడుకు అది పనికిరాదు. వాదర వంగుతుంది, ఎండిన తెల్ల జిగురు వంగితే చిట్లుతుంది. బ్లేడుకు సాగే రబ్బరు పూత వాడండి, రెండు సార్లు, మధ్యలో నాలుగు గంటలు.

అంతటా నలుపు అక్రిలిక్. గొట్టానికి కంచు రంగు, తడి తక్కువ ఉన్న బ్రష్షుతో పైపైన. మూతి లోపల మసి నలుపు, మూతి అంచు చుట్టూ కొంచెం బయటికి కూడా. మందు గది పక్కన, చెకుముకి ఉన్న కుడివైపు మసి ఎక్కువ ఉండాలి, ఎడమ వైపు దాదాపు వద్దు. నిప్పు రవ్వలు ఎగిరేది కుడివైపే కదా. ఇలాంటి చిన్న తేడా దగ్గరి ఫోటోలో ప్రాప్‌ను నిలబెడుతుంది. బ్లేడుకు వెండి రంగు వాదర 30 మి.మీ. దాకా మాత్రమే, మిగతాది ముదురు ఇనుము. కుందాకు వాల్‌నట్ గోధుమ.

మందుగుండు_చరిత్ర

గొట్టం లోహానికి ఫ్రాన్సియాడ్ నుంచే ఒక కథ ఇస్తాను. 1793 ఆగస్టు, అక్టోబరు నెలల్లో సెయింట్ డెనిస్‌లో రాజుల సమాధులు తవ్వేశారు. సీసపు శవపేటికలు కరిగించి తుపాకీ గుళ్ళు పోశారు. ఆ ఊళ్ళో దొరికిన లోహంతోనే ఈ ఆయుధం పుట్టిందని మీ డిజైన్‌లో అనుకోండి. గొట్టం నున్నగా ఉండకూడదు. సమాధి పలక మీది అక్షరాలో, లిల్లీ పువ్వు చెక్కడమో సగం కరిగి మిగిలినట్టు 2 మి.మీ. ఫోమ్‌తో ఒక చోట అతికించండి, దానిమీద గీత కొట్టి చెరిపేసినట్టు. రాజచిహ్నాలు చెరపడం ఆ రోజుల్లో జరిగిన పనే.

చెకుముకి యంత్రం కుడివైపు మాత్రమే ఉంటుంది, మర్చిపోకండి. కొక్కెం, దాని దవడల్లో చెకుముకి రాయి, ముందు ఉక్కు మూత, కింద మూకుడు. ఈ నాలుగూ 12 సెం.మీ. పొడవులో ఇమిడిపోవాలి. సరిగ్గా మందు గది పక్కన. ముందుకో వెనక్కో జరిగితే నిప్పు మందుకు ఎలా చేరుతుందో అర్థం కాదు.

ఉక్కుకామ

వీపున మోసే పట్టీ కూడా చూసుకోండి. రెండు కొండీలూ ఎడమ వైపే పెట్టండి, ఒకటి మడమ నుంచి 15, రెండోది 70 సెం.మీ. దగ్గర. వీపున వేసుకుంటే చెకుముకి యంత్రం బయటికి ఉంటుంది, వీపుకు నొక్కుకుని విరగదు. బ్లేడు పైకి, వాదర వీపుకు దూరంగా. బ్లేడు తల వెనక ఉంటుంది కాబట్టి గుంపులో వెనక్కి తిరిగేటప్పుడు పక్కవాళ్ళను చూసుకుని తిరగాలి.

అట్టకత్తి

చివరగా రెండు జాగ్రత్తలు. టికెట్ కొన్నప్పుడే ఆ ఏడాది ప్రాప్ నిబంధనలు చదవండి. పొడవు మీద, తుపాకీ పోలిక మీద పరిమితులు మారుతుంటాయి. తుపాకీ మూతికి నారింజ రంగు అడిగితే 2 మి.మీ. ఫోమ్‌తో తొడుగు వలయం ఒకటి చేసి పెట్టుకోండి, రంగు పాడుచేయకుండా తగిలించొచ్చు. దారిలో పొడవాటి సంచిలో కప్పి తీసుకెళ్ళండి, రోడ్డు మీద చేతిలో పట్టుకుని నడవొద్దు.

రెండోది, ఎండలో ఆపిన కారులో వదలకండి. ఆ వేడికి అతుకు జిగురు మెత్తబడుతుంది, మీరు వేడిచేసి చుట్టిన గొట్టం మళ్ళీ చదును కావాలని లాగుతుంది. తప్పనిసరైతే గొట్టం లోపల చుట్టడానికి వాడిన ఆ పైపు ముక్కను దూర్చి ఉంచండి.

గోదారి_గేమర్

కొలతలన్నీ రాసుకున్నాను. గొట్టం 120 పొడవు, 90 లావు, బ్లేడు 30 సెం.మీ.కు 11 వాలు, మూతిని 5 దాటి. ముందు అట్టతో పూర్తి సైజు నమూనా కోసి, బరువు కేంద్రం చూశాక ఫోమ్ మొదలుపెడతాను. అట్టకత్తి అన్నా, కప్లర్ జారే వైపు లూజుగా ఉంటే ఏం చేయాలి?

అట్టకత్తి

పైపు చివర 4 సెం.మీ. మేర ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు. ఇంకా ఆడితే రెండో చుట్టు. మూడో చుట్టు వేస్తే దూరదు.